దుకాణంలో రాడ్ ఊపుడు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఊపుడు గారికి,

నమస్కారాలు. ఇంగ్లండ్‌లో ఏ గాలాల దుకాణంలో కాలు పెట్టినా ముందు మీ దర్శనమే. బార్బెల్ అనే నది చేప కోసం ఫ్లోట్ రాడ్ (బెండు కట్టి వేసే గాలపు కర్ర) ఎంచుకోవాలంటే, 13 అడుగులదాని మూడు ముక్కలూ తగిలించడం, పైకప్పు అందకుండా అడ్డంగా పట్టుకోవడం, మణికట్టుతో రెండుసార్లు ఝుళిపించడం, కొస జిలజిలలాడి ఆగగానే "ఆహా!" అని తలాడించడం. పరీక్ష పాస్. ఎర డబ్బాలు సర్దే కుర్రాడు తల వంచుకుని తప్పుకుంటాడు చూడండి, ఈ తతంగంలో కాస్త కష్టపడేది అతనొక్కడే.

మీకు దక్కాల్సిన మర్యాద ముందే ఇచ్చేద్దాం. మీ వల్ల తెలిసే సంగతి ఒకటుంది: కొస ఎంత త్వరగా కుదుటపడుతుందో. బెండు పాతిక గజాల దూరంలో మునిగినప్పుడు నీటి మీద పరుచుకున్న లైనంతా ఒక్క వేటున ఎత్తాలి కాబట్టి అదీ అవసరమే. కానీ అది రాడ్‌లో పై మూడో వంతు కథ. బార్బెల్ కొట్లాడేది కింది రెండు వంతులతో. పెళ్లికూతురి పట్టుచీర కుచ్చిళ్లు చూసి సంబంధం ఖాయం చేసినట్టుంది మీ పని.

ఆ చేప ఎలాంటిదో కూడా మీకు చెప్పినవాళ్లు లేనట్టున్నారు. మన బొచ్చె, శీలావతిల కుటుంబమే. నోరు కిందికి తిరిగి ఉంటుంది, మూతికి నాలుగు మీసాలు, పొట్ట చదును. గులకరాళ్ల మీద అడుగుకి అతుక్కుని, వరదలోనూ దర్జాగా నిలబడే ఒళ్లు. గాలం తగలగానే పైకి ఎగిరి విన్యాసాలు చేయదు. అడుగునే ఉండి, ప్రవాహాన్ని తోడు తెచ్చుకుని లాగుతుంది. ట్రెంట్ నదిలో 10 పౌండ్లు దాటినవి అరుదేం కాదు.

మీరు "ఆహా" అన్న రాడ్ మీద, పిడికి కాస్త పైన, చిన్న అక్షరాల్లో ఒక మాట రాసి ఉంటుంది: లైన్ 2–4 పౌండ్లు. అంటే అంత బరువుకే తెగే సన్నటి లైన్‌తో, రోచ్ లాంటి చిన్న చేపల కోసం పుట్టింది. బార్బెల్ మొదటి పరుగుకే కొస, మధ్య ముక్క రెండూ చేప వైపు చాచేసుకుంటాయి. ఆపైన వంగడానికి ఏమీ మిగలదు, బరువంతా లైన్ మీదే. తెగితే ఒక గొడవ వదిలింది. తెగకపోతేనే అసలు పాపం: పావుగంటలో ముగిసే పోరు అరగంటకు సాగుతుంది. జులైలో నీళ్లు వెచ్చబడి ఆక్సిజన్ తగ్గి ఉంటే, అలా అలిసిన బార్బెల్ వదిలాక వెల్లకిలా తేలుతుంది. దాన్ని ఎదురు ప్రవాహానికి తల పెట్టి, తనంతట తాను చేతుల్లోంచి తన్నుకుపోయేదాకా నీళ్లలో పట్టుకుని నిలబడాలి. ఆ సమయానికి మీరు ఇంకో దుకాణంలో ఊగుతూ ఉంటారు.

అలాగని బరువు కట్టి అడుగున వేసే గాలానికి వాడే, టెస్ట్ కర్వ్ (కొసని 90 డిగ్రీలు వంచే బరువు) 1.75 పౌండ్లున్న బార్బెల్ రాడ్ తెచ్చి బెండు కట్టమని కాదు. 14 నంబరు చిన్న ముల్లు మీద రెండు మాగట్లు (ఈగ పురుగులు) పెట్టి, అంత బిర్రు కర్రతో లాగితే, వల దగ్గరికొచ్చాక చేప ఆఖరిసారి తల విదిలించినప్పుడు ముల్లు పెదవి చీల్చుకుని ఊడిపోతుంది. కావాల్సింది మధ్యేమార్గం: టెస్ట్ కర్వ్ 1 నుంచి 1.25 పౌండ్లు, 6 పౌండ్ల లైన్, దానికి 5 పౌండ్ల హుక్‌లెంత్ (ముల్లు కట్టే చివరి లైన్ ముక్క). హుక్‌లెంత్ తక్కువ బలంతో ఉండేది పిసినారితనం వల్ల కాదు. తెగితే అక్కడే తెగాలి, చేప బెండునీ సీసపు గుళ్లనీ మోసుకుని రాళ్లలో చిక్కుకోకూడదు.

ఈ టెస్ట్ కర్వ్ కొలవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. అరలీటరు నీళ్ల సీసా చాలు. నిండు సీసా దాదాపు 525 గ్రాములు, అంటే 1.15 పౌండ్లు. రీల్ బిగించి, లైన్ అన్ని రింగుల్లోంచీ తీసి, చివర సీసా కట్టి, పిడిని బల్లకి నొక్కిపెట్టి నేలకి సమాంతరంగా ఉంచండి. సీసా వేలాడితే కొస సరిగ్గా నేల వైపు, అంటే 90 డిగ్రీలు తిరిగితే, మన లెక్కకి దగ్గరున్నట్టే. ఇప్పుడు పక్క నుంచి వంపు చూడండి. కొస దగ్గర మొదలై మధ్య ముక్కలోకి జారి, పిడికి ముందు మెల్లగా ఆరిపోతే అది పనికొచ్చే రాడ్. పైన గట్టిగా వంగి, మధ్యలో ఠక్కున ఆగి, కింద గోడకర్రలా నిలబడితే పైన పటారం, లోన లొటారం. మీకు ఇది పదేళ్లు ఊగినా కనపడదు.

పొడవు విషయంలోనూ మీ లెక్క వేరే: ఊపినప్పుడు ఏది తేలిగ్గా ఉంటే అది. ట్రెంట్ లాంటి వెడల్పాటి నదిలో గట్టు మీద నుంచి బెండు వదిలేటప్పుడు 14, 15 అడుగులే సుఖం. గాలి లైన్‌ని విల్లులా వంచి బెండుని పక్కకి లాగుతుంటే, ఆ లైన్‌ని నీటి మీద నుంచి ఎత్తి ఎగువకి వేయాలి. పైగా అడుగు నీళ్లు పై నీళ్ల కంటే నిదానంగా పారతాయి కాబట్టి బెండుని కాస్త ఆపి పట్టాలి, లేకపోతే ఎర బార్బెల్ మీద నుంచి రైలు పెట్టెలా వెళ్లిపోతుంది. ఈ రెండూ పొట్టి రాడ్‌తో కష్టం. అదే కెన్నెట్ నది ఒడ్డున, కొమ్మలు నెత్తి మీద వాలే చోట, 15 అడుగులు చెట్టుని పట్టడానికే పనికొస్తాయి. అక్కడ 13 చాలు. పొడవు పెరిగేకొద్దీ తులాదండం చేప పక్షాన తూగుతుందని మీ జబ్బకి తెలియాలంటే మీరు ఒక్క చేపనైనా పట్టి ఉండాలి.

లైన్ వెళ్లే రింగులు రాడ్ కర్రకి దూరంగా నిలబడి ఉండాలి. లేకపోతే వాన పడగానే సన్నటి లైన్ కర్రకి అతుక్కుని, బెండు కుదుపుతో పోతుంది. పాత రాడ్ అయితే రింగు లోపల దూది తిప్పి చూడండి. పోగు చిక్కితే పింగాణీ చిట్లినట్టే, ఆ రింగు కొత్త లైన్‌ని ఒక పూటలో గరుకు చేసేస్తుంది. జాయింట్‌లో లోపలి ముక్క ఉండే రకమైతే, బిగించాక కొంచెం సందు మిగలాలి. పూర్తిగా మూసుకుపోయిందంటే అరిగింది. సెంటర్‌పిన్ (డ్రమ్ములా తిరిగే రీల్) వాడేవాళ్లు బొటనవేలు డ్రమ్ము అంచుకి అందుతుందో లేదో చూసుకోవాలి. ఇవన్నీ మీరు ఎప్పుడూ చూడరు, ఎందుకంటే అవి ఊగవు.

అన్నట్టు, ఈ రాడ్ కార్బన్‌ది, దాంట్లోంచి కరెంటు పారుతుంది. కరెంటు తీగలకి 30 మీటర్ల లోపు దాన్ని ఎత్తొద్దు. ఆ ఒక్కచోట మాత్రం మీ అభిమానులకి నిజంగా చేతులు కట్టుకోమని చెప్పండి.

ఇంగ్లండ్ నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా ఎలాగూ ఈ వేట బంద్. ఆ మూడు నెలలూ దుకాణాలు మీవి, తనివితీరా ఊగండి. పైకప్పు ఫ్యాను మాత్రం చూసుకోండి.

ఇట్లు,
నీళ్ల సీసా పట్టుకుని క్యూలో మీ వెనకే నిలబడ్డ ఒక గాలంవాడు