పది రెట్లూ రావు, ఇచ్చేది ప్రభుత్వమూ కాదు

ఏళ్ల తరబడి వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్ ఒకటుంది. మీ ఫ్యామిలీ గ్రూపులోకీ ఈపాటికి వచ్చే ఉంటుంది. సారాంశం ఇదీ: వరసగా మూడేళ్లు ఐటీ రిటర్నులు వేసిన మనిషి రోడ్డు ప్రమాదంలో చనిపోతే, ఆ మూడేళ్ల సగటు వార్షికాదాయానికి పది రెట్లు ప్రభుత్వం ఆ కుటుంబానికి కట్టి తీరాలి. నాలుగు, ఐదు, ఆరు లక్షలు చూపించి ఉంటే సగటు ఐదు లక్షలు, చేతికొచ్చేది యాభై లక్షలు. ఆధారం మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 166. దాని కింద సుప్రీంకోర్టు సివిల్ అప్పీలు నంబరు ఒకటి. చివర్న, “జనానికి తెలియక ఎవరూ అడగడం లేదు, అందరికీ పంపండి.”

చట్టం పేరు, సెక్షన్ నంబరు నిజమే. ఆ రెండూ నిజం కావడం వల్లే మిగతాదంతా చెల్లిపోతోంది. ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

“ప్రభుత్వం కట్టాలి” అన్నది మొదటి మాట. సెక్షన్ 166 చెప్పేది నష్టపరిహారం కోసం ట్రిబ్యునల్‌కు, అంటే రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టుకు, ఎవరు అర్జీ పెట్టుకోవచ్చో: గాయపడినవాళ్లు, ఆస్తి దెబ్బతిన్నవాళ్లు, చనిపోయినవారి వారసులు. ఎవరి మీద పెట్టుకోవాలి? గుద్దిన బండి మీద. మన జిల్లా కోర్టుల్లో పడే ఓపీ, అంటే పరిహారం అర్జీ, ఏదైనా తీసి చూడండి. ఒకటో ప్రతివాది డ్రైవరు, రెండో ప్రతివాది బండి యజమాని, మూడో ప్రతివాది బీమా కంపెనీ. అక్కడ కలెక్టరు పేరు కనపడదు. రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా, ఉండాలని సెక్షన్ 146 పట్టుబట్టేది ఇందుకే. డబ్బు వచ్చేది ఆ పాలసీలోంచి. పాలసీ లేకపోతే యజమాని జేబులోంచి, జేబులో లేకపోతే అతని ఇల్లూ పొలమూ లోంచి. సర్కారు జీపో, సర్కారీ సంస్థ బస్సో గుద్దితే అప్పుడు వాళ్లు కడతారు. అదీ బండి యజమానిగానే. రిటర్నులు వేసిన పౌరుడికి బహుమానంగా కాదు.

రెండోది “పది రెట్లు”. చట్టంలో ఈ పది ఎక్కడా లేదు. లెక్క వేరే ఉంది. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఏడాది ఆదాయాన్ని వయసును బట్టి ఎంతతో గుణించాలో చెప్పే పట్టిక ఇచ్చింది. పాతికేళ్ల లోపు 18, ముప్పై ఒకటి నుంచి ముప్పై అయిదు దాకా 16, యాభై ఆరు నుంచి అరవై దాకా 9, అరవై అయిదు దాటితే 5. 2017లో ప్రణయ్ సేఠీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనికి ఇంకోటి కలిపింది. మనిషి బతికి ఉంటే సంపాదన పెరిగేది కదా, దానికీ ఒక శాతం వేయాలంది. సొంత పని చేసుకునేవాళ్లకు నలభై ఏళ్లలోపు 40 శాతం, యాభై లోపు 25, అరవై లోపు 10. పర్మనెంటు ఉద్యోగులకు ఇంకాస్త ఎక్కువ. ఇలా కలిపినదాంట్లోంచి ఆ మనిషి తన మీద పెట్టుకునే ఖర్చు తీసేస్తారు: పెళ్లికానివాళ్లకు మామూలుగా సగం, ఇద్దరు ముగ్గురు ఆధారపడి ఉంటే మూడో వంతు, నలుగురు నుంచి ఆరుగురైతే నాలుగో వంతు.

మెసేజ్‌లో చెప్పిన అయిదు లక్షల ఆదాయాన్నే తీసుకుందాం. చనిపోయింది ఇరవై నాలుగేళ్ల పెళ్లికాని కుర్రాడు, సొంత షాపు. 40 శాతం కలిపితే ఏడు లక్షలు, సగం తీసేస్తే మూడున్నర, పద్దెనిమిదితో గుణిస్తే 63 లక్షలు. అదే ఆదాయం, అదే షాపు, యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఆధారపడినవాళ్లు ఇద్దరు. పది శాతం కలిపితే అయిదున్నర, మూడో వంతు పోగా మూడు లక్షల అరవై ఆరు వేల చిల్లర, తొమ్మిదితో గుణిస్తే 33 లక్షలు. అంత్యక్రియల ఖర్చులాంటి పద్దులు రెండిటికీ కొంచెం కలుస్తాయి. మెసేజ్ చెప్పిన యాభై లక్షలు ఈ రెండిట్లో ఏదీ కాదు. ఒక కుటుంబానికి తక్కువ ఆశ పెట్టింది, రెండోదానికి లేనిపోని ఆశ పెట్టింది.

మూడోది, నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది: “మూడేళ్లు రిటర్నులు వేసి ఉంటేనే.” రోడ్డు మీద పోయేవాళ్లలో రిటర్నులు వేసేవాళ్లెందరు? ముప్పై రెండేళ్ల తాపీమేస్త్రీ అనుకోండి, నెలకు పదిహేను వేలని కోర్టు నమ్మింది, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ఏడాదికి లక్షా ఎనభై వేలు. నలభై శాతం కలిపితే రెండు లక్షల యాభై రెండు వేలు. నాలుగో వంతు తీసేస్తే లక్షా ఎనభై తొమ్మిది వేలు. పదహారుతో గుణించండి: 30 లక్షల 24 వేలు. ఐటీ ఆఫీసు గడప తొక్కని మనిషి కుటుంబానికి హక్కుగా దక్కే సొమ్ము ఇది. ఆదాయానికి కాగితం లేకపోతే కనీస వేతనాలు చూస్తారు, చేసే పనిని చూస్తారు. ఇంటిపని తప్ప వేరే సంపాదన లేని ఆడవాళ్ల శ్రమకూ విలువ కట్టి పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2010లోనూ 2021లోనూ చెప్పింది. ఈ మెసేజ్ చదివి, “మావాడు రిటర్నులు వేయలేదు, మనకేం రాదులే” అని ఊరుకున్న ఇల్లు ఒక్కటున్నా, ఫార్వర్డ్ చేసినవాళ్లంతా దానికి బాధ్యులే.

రిటర్నుకు విలువ లేదని కాదు, ఆదాయానికి గట్టి రుజువు అదే. కానీ పన్ను తప్పించుకోవడానికి రెండున్నర లక్షలే చూపించి, మనిషి పోయాక నెలకు లక్ష సంపాదించేవాడని చెబితే అవతలి లాయరు ఆ కాగితమే తీసి జడ్జిగారి ముందు పెడతాడు.

ఇక అసలు సంగతి. “ప్రమాదంలో చనిపోతే చాలు” అన్నట్టుంది ఆ మెసేజ్. చాలదు. సెక్షన్ 166 కింద మొదటి ప్రశ్న తప్పెవరిదనే. కర్ణాటకలో 2014 జూన్ 18న ఒక కాంట్రాక్టరు తండ్రినీ అక్కచెల్లెలినీ పిల్లలనూ ఎక్కించుకుని అరసికెరె వైపు కారు నడుపుతూ వెళ్లాడు. మితిమీరిన వేగంలో కారు అదుపు తప్పి పల్టీ కొట్టింది. అతను చనిపోయాడు. నెలకు మూడు లక్షల సంపాదన అంటూ కుటుంబం 80 లక్షలు అడిగింది. తప్పు నడిపినవాడిదే కాబట్టి రాదని ట్రిబ్యునల్ అంది, హైకోర్టూ అంది, 2025 జులైలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. తన నిర్లక్ష్యానికి తానే బలైనవాడి వారసులు, ఆ నిర్లక్ష్యాన్నే చూపించి పరిహారం అడగలేరు. మన మెసేజ్ ప్రకారమైతే ఆ ఇంటికి కోట్లు రావాలి.

అలాంటి ఇంటికి ఏదైనా దక్కేది ఉంటే, అది బండి యజమానే నడుపుతున్నప్పుడు అతని పేరిట ఉండే పర్సనల్ యాక్సిడెంట్ కవరు. అది 15 లక్షలు. దానికీ చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. ఏజెంటు “ఇది తీసేస్తే కొన్ని వందలు తగ్గుతాయి సార్” అంటే మనం “తీసెయ్” అనేది దీన్నే.

చనిపోయింది ఎదుటివాడైతే నడిపినవాడి పరిస్థితి ఏమిటో ఆ మెసేజ్ రాసినవాడికి అక్కర్లేకపోయింది. పదహారేళ్ల కొడుకు నాన్న బండి మీద వెళ్లి ఒకరిని గుద్దాడనుకోండి. కొడుక్కి లైసెన్సు లేదు. బాధిత కుటుంబం రోడ్డున పడకూడదని కోర్టులు చాలా కేసుల్లో ముందు బీమా కంపెనీని కట్టమంటాయి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమంటాయి. 2004లో స్వరణ్ సింగ్ కేసు నుంచీ ఇదే పద్ధతి. అంటే ముప్పై లక్షల డిక్రీ చివరికి వచ్చి వాలేది నాన్న మీద. ఇది సివిల్ సంగతి. దీనికి తోడు అదే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఎ కింద బండి ఇచ్చిన పెద్దమనిషికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, ఆర్సీ ఏడాదిపాటు రద్దు. పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. పదో తరగతి పాసైన సంతోషంలో తాళాలిచ్చే ఇళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు.

ఆ సివిల్ అప్పీలు నంబరు గురించి ఒక్క మాట. పరిహారం కేసులో అప్పీలు తీర్పంటే ఒక కుటుంబానికి, వాళ్ల సాక్ష్యాన్ని బట్టి, ఎంత రావాలో తేల్చడం. సరళా వర్మ కేసులోలా లెక్క పద్ధతి రావచ్చు గానీ, దేశమంతటికీ డబ్బు పంచే పథకం దాన్లోంచి పుట్టదు. నంబరు చూడగానే చేతులు జోడించే అలవాటు మనకుంది, రాసినవాడికి అది తెలుసు.

మిగిలింది “జనానికి తెలియదు” అన్న మాట. ఇది నిజమే, కాకపోతే తెలియనివి వేరు. 2022 ఏప్రిల్ 1 నుంచి సెక్షన్ 166 అర్జీ ఆరు నెలల్లో వేయాలన్న గడువు వచ్చింది. దాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టు దాకా వెళ్లినవాళ్లున్నారు. అది తేలేదాకా ఆగుదామని మీరు మాత్రం కూర్చోకండి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, గుద్దిన బండి పాలసీ కాపీ ముందు సంపాదించండి. ప్రమాదం ఎక్కడ జరిగితే అక్కడికే వెళ్లి కేసు వేయనక్కర్లేదు. బెంగళూరు దగ్గర పనికి పోయి చనిపోయిన శ్రీకాకుళం మనిషి భార్య, తానుండే శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు.

గుద్దిన బండి ఏదో తెలియకుండా పోతే? అప్పుడు మాత్రం కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు. 2022కు ముందు ఇది పాతిక వేలు, పన్నెండున్నర వేలు ఉండేది. దీనికి ఐటీ రిటర్ను అడగరు, ఆదాయమూ అడగరు. అర్జీ ఇవ్వాల్సింది కోర్టులో కాదు, ప్రమాదం జరిగిన చోటి రెవెన్యూ అధికారికి, అంటే ఆర్డీఓ లేదా తహసీల్దారుకు. మంజూరు చేసేది కలెక్టరు.