బ్యాగు ఫ్రీ ఉన్నదా?

సామాన్యుడి ల్యాప్‌టాప్‌కు ఉండాల్సిన మొదటి లక్షణం, దాంతో ఫ్రీగా వచ్చే బ్యాగు. ఈ సత్యం నాకు హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక షాపులో బోధపడింది.

అక్క కూతురు డిగ్రీలో చేరింది. ఆన్‌లైన్ క్లాసులు, నాలుగు వర్డ్ ఫైళ్లు, స్కాలర్‌షిప్ అప్లికేషన్, అంతే దాని పని. కొనడానికి మాత్రం ఐదుగురం వెళ్లాం. ఇద్దరికి మౌస్ పట్టడం రాదు గానీ బేరమాడటం వచ్చు.

మా బావకు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి కమీషన్ అడ్తి ఉంది. బస్తా కోసి, కాయ విరిచి, తేమ చూడనిదే ధర మాట నోట్లోంచి రానివ్వడు. అంతటి మనిషి ల్యాప్‌టాప్ మూత మీద వేలితో తట్టి, "గట్టిగనే ఉన్నది" అన్నాడు. పరీక్ష ముగిసింది. లోపల ఏముందని అడిగితే షాపాయన నొచ్చుకోడూ?

అయినా ఆయనే చెప్పాడు. 4 జీబీ ర్యామ్, అంటే పనులు నడిచే జాగా. 64 జీబీ స్టోరేజీ, అంటే ఫైళ్లు దాచే జాగా. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస కొలతలు సరిగ్గా ఇవే. అంటే ఆటో బండి స్టార్ట్ అవుతుంది, సవారీలు మాత్రం ఎక్కొద్దు. ఆ 64లో 20కి పైగా విండోసే మింగుతుంది, అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా ఇంకా జరగమంటుంది. పైగా ఆ స్టోరేజీ వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ కాదు, ఈఎంఎంసీ. బోర్డుకు అతికించిన చిప్పు, వేగంలో బాగా వెనక. తీసి పెద్దది వేసుకుందామన్నా కుదరదు. "ఎస్‌ఎస్‌డీ లాంటిదే సార్" అన్నాడు షాపాయన. బెల్లాన్ని బంగారం అంటే మేడారంలో మొక్కు. ఇక్కడ ఆఫర్.

నేను గొంతు సవరించుకుని, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నది చూపించమన్నాను. రేపు ర్యామ్ పెంచుకోవడానికి స్లాట్ ఉందా అని కూడా అడిగాను. బావ జాలిగా చూశాడు.

"నా ఫోన్లనే 12 జీబీ ఉన్నది. గింత పెద్ద డబ్బాల 8 ఏందయ్యా?"

ఈ తర్కానికి ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ జవాబు దొరకదు. తెర 1366 బై 768 చుక్కలది కాకుండా ఇంకా స్పష్టంగా కనిపించే ఫుల్ హెచ్‌డీ అయితే పీడీఎఫ్‌లు చదివేటప్పుడు కళ్లు గుంజవన్నాను. "అది చదువుకోవాల్నా, సినిమాలు చూడాల్నా?" అంది అక్క. చిన్నాన్న ఎవరో ఆఫీసులో వాడి పడేసిన విండోస్ 10 ల్యాప్‌టాప్ సగం ధరకు ఇప్పిస్తానన్నాడు. దానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే అప్‌డేట్ల మద్దతు 2025 అక్టోబర్ 14తోనే అయిపోయిందంటే, "మద్దతు ధర మిర్చికే లేదు, దీనికెందుకు?" అని బావ తీర్పు చెప్పాడు.

ఇంతసేపూ కీబోర్డు మీద తన పేరు టైప్ చేసి చూసుకుంటున్న పిల్ల ఒక్కటే అడిగింది.

"మామయ్యా, కరాబైతే సర్వీస్ సెంటర్ వరంగల్‌లనే ఉన్నదా, హైదరాబాద్ పోవాల్నా?"

పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో రావొద్దని మందలించి, 4 జీబీదే తీసుకున్నాం. బ్యాగుతో పాటు మౌసూ ఫ్రీ. దసరాకు అక్క దానికి కుంకుమ కూడా పెట్టింది, సగం కీల సందుల్లోకి పోయింది.

ఇప్పుడది అప్‌డేట్‌కు చోటు లేదని రోజూ చెబుతోంది. పిల్ల అసైన్‌మెంట్లు బావ ఫోన్లో రాస్తోంది. బ్యాగు మాత్రం గట్టిది. బావ అందులో మిర్చి అమ్మకాల లెక్క చీటీలు, అదే తక్‌పట్టీలు పెట్టుకుని మార్కెట్‌కు పోతున్నాడు.