తేలికగా ఉందని ట్రైపాడ్ కొనకండి

సెప్టెంబర్ వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు. "అన్నా, ఈసారి నాకూ ఎల్క్ (ఇక్కడి పెద్ద జాతి జింక) ట్యాగ్, అదే వేట లైసెన్సు, వచ్చింది. కొండెక్కాలి కదా, రైఫిల్ పెట్టుకోవడానికి తేలికైన ట్రైపాడ్ ఒకటి చెప్పు." నిన్న ఒక తమ్ముడు రెండు పౌండ్ల ట్రైపాడ్ చూసి పెట్టుకుని, నేను ఊఁ అంటే కొనేస్తానన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం. అది అలాగే ఉండాలని కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. నేను చెప్తున్నది నేనుండే అమెరికాలోని కొలరాడో రాష్ట్రం సంగతి. ఇక్కడ ఏ ప్రాంతంలో ఎన్ని ఎల్క్‌లను, జింకలను వేటాడొచ్చో రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఏటా లెక్కగట్టి లైసెన్సులు ఇస్తుంది. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లయితే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాల్సిందే. రైఫిల్ సీజన్లో ఒంటి మీద 500 చదరపు అంగుళాల మెరిసే ఆరెంజ్ గానీ పింక్ గానీ ఉండాలి. తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేసి వస్తే నేరం. ఇన్ని నియమాలున్నా, ట్రిగర్ నొక్కే క్షణంలో నీ గురి నిలకడగా ఉందా లేదా అని చూసే అధికారి ఎవరూ ఉండరు. అది నువ్వే చూసుకోవాలి.

ఆరేళ్ల క్రితం నేను చూసుకోలేదు. మీకర్ ఊరికి తూర్పున, ఫ్లాట్ టాప్స్ కొండల అంచున, నవంబర్ నెల. ఇంట్లో పాప డాన్స్ వీడియోల కోసం కొన్న ప్రయాణాల ట్రైపాడ్ ఉంటే అదే బ్యాగుకి కట్టుకుని వెళ్లాను. ఒక్కో కాలికి ఐదు మడతలు, అట్టడుగు మడత నా చిటికెన వేలంత. రెండు పౌండ్లేనని ఎంత మురిసిపోయానో. పది గంటలప్పుడు 220 గజాల్లో ఆడ ఎల్క్ కనిపించింది. బోర్లా పడుకుంటే మోకాలెత్తు సేజ్ పొదలు అడ్డం, ఏమీ కనపడదు. కూర్చున్నాను. ఆ వాలులో ఎత్తు చాలక ట్రైపాడ్ మధ్య కడ్డీని జానెడు పైకి లాగాను. గాలి కొడుతోంది. రైఫిల్ మీది స్కోప్‌లో క్రాస్‌హెయిర్ (గురి చూసే అడ్డం నిలువు గీతలు) దాని భుజం దగ్గర మొదలై పొట్ట దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వస్తోంది. భుజం మీదికి వచ్చిన క్షణాన నొక్కేస్తే సరిపోతుందనుకున్నాను.

సరిపోలేదు. దెబ్బ వెనక్కి, పొట్టలో తగిలింది. మంచు మీద నల్లటి చిక్కటి నెత్తురు, అందులో నమిలిన గడ్డి పచ్చగా తునకలు తునకలుగా. వేటలో కాస్త అనుభవం ఉన్నవాళ్లెవరికైనా ఆ పచ్చదనం చూడగానే గుండె జారిపోతుంది. నాతో వచ్చిన ఖమ్మం అన్న ఒక్క మాట అనలేదు. వంగి, ఒక్కో చుక్క వెతుక్కుంటూ ఆస్పెన్ చెట్లలోకి నడిచాడు. అది మాకు దొరికేసరికి మధ్యాహ్నం మూడు. ఇంకా ప్రాణంతో ఉంది. దగ్గర నుంచి రెండో తూటా వేశాను. ఆ ఐదు గంటలు ఆ జంతువు పడ్డ బాధ నా ఖాతాలోదే.

రాత్రి టెంట్‌లో అన్న ఆ ట్రైపాడ్ తీసుకుని, పై భాగం పట్టుకుని మూత తిప్పినట్టు అటూ ఇటూ తిప్పి చూపించాడు. కాళ్లు కదల్లేదు, తల మాత్రం ఊగింది. "కాళ్లొక్కటే చూడకు తమ్ముడూ, నడుం చూడు" అన్నాడు. నేను అప్పటిదాకా నడుమంటూ ఒకటుందనే ఆలోచించలేదు.

మధ్య కడ్డీ పైకి లేపిన ట్రైపాడ్ అంటే మూడు కాళ్ల మీద ఒంటి కర్ర నిలబెట్టినట్టే. కెమెరాకి పర్లేదు. రైఫిల్, స్కోప్ కలిపి తొమ్మిది పౌండ్లు, పొడుగ్గా ముందుకూ వెనక్కూ సాగి ఉంటుంది, దానికి మన చెంప ఆనుతుంది, భుజం తోస్తుంది, గుండె కొట్టుకోవడం కూడా తెలుస్తుంది. అందుకని వేటకైతే మధ్య కడ్డీ లేనిదే కొనండి. ఉంటే విప్పి ఇంట్లో పెట్టి వెళ్లండి, ఆ బరువూ తగ్గుతుంది.

రెండోది గొట్టాల మందం. పందిరి గుంజ బొటనవేలంత ఉంటే ఎవరైనా పందిరేస్తారా? గోడ మందం అంతే ఉంచి గొట్టం వ్యాసాన్ని రెట్టింపు చేస్తే, అది వంగకుండా నిలిచే శక్తి సుమారు ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి వ్యాసంలో మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా కూడా చిన్న తేడా కాదు. పై గొట్టం 32 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూడండి. మడతలు పెరిగే కొద్దీ కింది గొట్టాలు సన్నబడతాయి, అందుకే నా ఓటు మూడు మడతలకే. మడిచినప్పుడు పొడవు ఎక్కువే, బ్యాగు పక్కన కొమ్మలకు తగులుతుంది, నిజమే. నేను సర్దుకున్నాను.

డబ్బా మీద రాసే మోత బరువు అంకెను మాత్రం దయచేసి నమ్మకండి. నలభై పౌండ్లు మోస్తుందంటే నలభై పౌండ్లు పెట్టినా కూలిపోదని అర్థం, ఊగదని కాదు. ఆ అంకెను ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కగడుతుంది. ఊగడాన్ని మినిట్ ఆఫ్ యాంగిల్‌లో, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణంలో కొలుస్తారు. వంద గజాల్లో అది ఒకటంటే అంగుళం పైచిలుకు, 220 గజాల్లో అదే రెండుంపావు అంగుళాలు దాటుతుంది. జింకకి ప్రాణం పోయే చోటు ఎనిమిది పది అంగుళాలు, ఎల్క్‌కి ఇంకాస్త పెద్దది. ఊగడం ఆ కొలతలోపల ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు డబ్బా మీద ఉండదు.

మరి తేలిక ఎక్కడ నుంచి రావాలి? నా అనుభవంలో ఎత్తు తగ్గించుకోవడంలో. నిలబడి కాల్చే ఎత్తుకి ఐదడుగుల ట్రైపాడ్ కావాలి, అంత పొడుగు కాళ్లకు అంత బరువూ ఉంటుంది. కొండ మీద నేను నిలబడి కాల్చిన సందర్భం ఒక్కటి కూడా లేదు. ఎదుటి వాలు కనిపించే చోట కూర్చుంటాను. కూర్చున్న ఎత్తుకి మూడడుగులు చాలు, మోకాలి మీద లేవాలంటే ఇంకో అర అడుగు. మందం గొట్టాలు, పొట్టి కాళ్లు. ఇప్పుడు నా దగ్గరున్నది తలతో కలిపి నాలుగు పౌండ్ల లోపే, కార్బన్ ఫైబర్. కెమెరా ట్రైపాడ్లలోకి కార్బన్ ఫైబర్ తెచ్చింది గిట్జో కంపెనీ, 1994లో. ఫోటోగ్రాఫర్ల పుణ్యమే ఇప్పుడు మనకు పనికొస్తోంది. అల్యూమినియం కంటే తేలిక, కదలిక త్వరగా సద్దుమణుగుతుంది, చలిలో చేతికి అంటుకున్నట్టు ఉండదు. కాకపోతే రాతికి గట్టిగా తగిలితే చిట్లే ప్రమాదం ఉంది. పడేసుకున్న ప్రతిసారీ వేలితో తడిమి చూసుకోండి.

తల, అంటే ట్రైపాడ్ పైన రైఫిల్‌ని బిగించే భాగం, దాని విషయంలో ఎక్కువ చెప్పను. బాల్ హెడ్ (గుండు మీద ఎటైనా తిరిగే తల) ఒక్క తిప్పుతో బిగుసుకోవాలి, గ్లవ్స్ వేసుకున్నా నాబ్ చేతికి దొరకాలి. రైఫిల్ కింద ఆర్కా స్విస్ రైలు (తలలోకి జారించి బిగించే పొడుగు పట్టీ) వేయించుకుంటే బరువు సరిగ్గా తూగే చోట బిగించుకోవచ్చు. చేతులు వదిలేసినా ముక్కు కిందికి వాలకూడదు. వెనక భాగానికి ఆసరాగా నేను బ్యాగును ఒళ్లో పెట్టుకుని దాని మీద రైఫిల్ మడమ ఆనిస్తాను. ఈ ఒక్క పనికి వచ్చే తేడా ఎంత ఖరీదైన తలకీ రాదు, పైసా ఖర్చు లేదు.

ఇంకో సంగతి, చాలామంది మరిచిపోయేది. ఆ ట్రైపాడ్ మీద రైఫిల్ ఉండేది నిమిషమో రెండు నిమిషాలో. మిగతా రోజంతా దాని మీద ఉండేది బైనాక్యులర్. చేత్తో పట్టుకుని చూస్తే పొద కనిపిస్తుంది, ట్రైపాడ్ మీద పెట్టి పది నిమిషాలు అదే పొదను చూస్తూ కూర్చుంటే అందులో చెవి కదులుతుంది. వంద డాలర్లు ఎక్కువైనా పెట్టమని నేను పోరేది అందుకే. ఆ డబ్బుకి పనయ్యేది ఏడాదికి ఒక్క తూటాకే కాదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా.

బరువు తగ్గాలంటే బ్యాగులో ఇంకేవైనా తీసేయండి. రెండో జత బూట్లు, అవసరానికి మించిన తూటాలు, ఇద్దరి మధ్య రెండు స్టవ్‌లు. లీటరు నీళ్లంటే రెండు పౌండ్ల పైమాట. దారిలో వాగుంటే ఫిల్టర్ పట్టుకెళ్లి నీళ్లు సగమే మోయండి. ఒక్క నిలకడను మాత్రం బరువు పేరుతో తగ్గించకండి.

నిన్న ఫోన్ చేసిన తమ్ముడికి శనివారం రమ్మన్నాను. నా ట్రైపాడ్, వాడు కొనాలనుకుంటున్నలాంటి సన్నకాళ్లది మా స్నేహితుడిది, రెండూ ఉంటాయి. షూటింగ్ రేంజ్‌కి వెళ్లి, చాంబర్ (రైఫిల్లో తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని ఇద్దరం రెండుసార్లు చూసుకుని, నేల మీద కూర్చుని తూటా లేకుండానే ట్రిగర్ నొక్కుతాం. టప్పుమన్నప్పుడు క్రాస్‌హెయిర్ ఎటు దూకిందో వాడి కళ్లతోనే చూడాలి. ఆ తర్వాత తన డబ్బు, తన ఇష్టం. అటువైపు ఎవరైనా వచ్చేట్టుంటే మీ రైఫిల్ తెచ్చుకోండి, ఎనిమిదింటికల్లా అక్కడ ఉంటాం, గాలి లేవక ముందు ఒకసారి, లేచాక ఒకసారి చూద్దాం.