బుకీ వేరు, పందెంరాయుడు వేరు

క్రికెట్ పందేలపై మీరు ప్రచురించిన ఒక వార్తలో, డబ్బు కాసి పోగొట్టుకున్న కుర్రవాళ్లను కూడా ‘బుకీలు’ అని రాశారు, అది సరికాదు. పందేలను పుస్తకంలో రాసుకునే ‘బుక్‌మేకర్’కు వాడుకలో వచ్చిన పొట్టి పేరే బుకీ. ఇరుపక్షాల నుంచీ పందెం కట్టించుకొని, ఎవరు గెలిచినా తనకు కొంత మిగిలేలా ముందే రేటు నిర్ణయించేవాడు అతడు. మా భీమవరం వైపు సంక్రాంతి కోడిపందేల బరి దగ్గర నోట్లు పైకెత్తి ‘డేగ మీద ఐదు వేలు’ అని కేకవేసి, ఎదుటి మనిషితో నేరుగా పైపందెం కాసేవాణ్ణి పందెంరాయుడనే అంటాం గాని బుకీ అనము. 2000లో దక్షిణాఫ్రికా క్రికెట్ కెప్టెన్ హాన్సీ క్రోనే మ్యాచ్ ఫిక్సింగ్ ఉదంతం నాడు పత్రికల్లో పదేపదే చదివిన మాట ఈ ‘బుకీ’. అప్పుడూ దాని అర్థం ఇదే. అప్పు చేసి పందెం కాసిన పిల్లవాణ్ణీ, ఆ దందా నడిపినవాణ్ణీ ఒకే పేరుతో పిలిస్తే ఆ కుటుంబాలకు అన్యాయం జరుగుతుంది. దయచేసి సవరించండి.