పట్టు చీరకు పట్టా భూమి

ఆడబిడ్డకు ఆస్తిలో వాటా అనే మాట వినగానే నా కళ్లు చెమరుస్తాయి. భూమి పోతుందని కాదు, మన సంస్కృతి ఏమైపోతుందోనని. నల్లగొండ జిల్లాలో పుట్టి, ఇద్దరు చెల్లెళ్లకు అన్ననై, హైవేకి కూతవేటు దూరంలో నాలుగెకరాల తండ్రి పొలాన్ని కాపాడుకొస్తున్నవాడిగా ఈ విషయం మాట్లాడే అర్హత నాకు పుష్కలంగా ఉంది. ఎకరం ధర ఎంతో మాత్రం చెప్పను, దిష్టి తగులుతుంది.

మనం ఆడబిడ్డను ఎంత గౌరవిస్తామో చూడండి. బతుకమ్మకు బస్టాండు దాకా ఎదురువెళ్లి తీసుకొస్తాం. తంగేడు, గునుగు కోసుకొచ్చేది మేమే. సద్దుల నాడు ఆమె ఆడుతుంటే చెరువుగట్టున నిలబడి మురిసిపోయేదీ మేమే. చీర పెడతాం, ఒడిబియ్యం పోస్తాం. ఇంత జరిగాక ఆమె ఎకరం కూడా అడిగితే దాన్ని ఏమనాలి? అపచారమనే అనాలి.

చట్టానికి ఈ సున్నితత్వం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే తొందరపడి కూతుళ్లకు సమాన వాటా అంది. అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించదు కాబట్టి కొంత ఊపిరి పీల్చుకున్నాం. 2005లో కేంద్రం ఆ వెసులుబాటు కూడా తీసేసింది. తండ్రి అప్పటికే పోయి ఉంటే వర్తించదని మా లాయరు ధైర్యం చెబుతుండగా, 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు అదీ కుదరదంది. కూతురికి హక్కు పుట్టుకతోనే వస్తుందట! పుట్టిన రోజే ఆమెను ఈడ పిల్ల కాదు, ఆడ పిల్ల అని తేల్చేశాం. న్యాయమూర్తులకు తెలుగు రాకపోతే మేమేం చేస్తాం?

పైగా కట్నం ఇచ్చాం కదా. కట్నం 1961 నుంచి నేరమే, కాదనను. కానీ అదే కట్నం వాటా లెక్కలో చెల్లింపు కింద జమ అవుతుంది. ఒక చట్టాన్ని అతిక్రమించిన రశీదు చూపించి ఇంకో చట్టం నుంచి తప్పించుకోవడం ఎక్కడైనా ఉందా? మా ఊళ్లో ఉంది.

ఇందులో మతభేదం కూడా పాటించం. ఖురాన్ కూతురికి కొడుకు వాటాలో సగమని స్పష్టంగా రాసి పెట్టింది. మా పక్కింటి భాయి చెల్లెలు ఆ సగాన్ని కూడా అన్నకే వదిలేసింది. వాళ్లకు గ్రంథం ఇచ్చింది, మాకు పార్లమెంటు ఇచ్చింది. ఇద్దరి దగ్గరా ఆనవాయితీ వచ్చి వెనక్కి తీసుకుంది. మతసామరస్యం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఒకసారి మా వీధికి రావాలి.

దేవతలను చూసైనా ఆడవాళ్లు నేర్చుకోవాలి. గుడి మాన్యం అమ్మవారి పేరునే ఉంటుంది. అయితే చట్టం దృష్టిలో విగ్రహం ఎప్పటికీ మైనరే. సంతకాలు, కౌలు డబ్బులు, కోర్టు వాయిదాలు అన్నీ ఆమె తరఫున ఎవరో ఒకరు చూసుకోవాలి. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన ఆలంపురం జోగులాంబకే లేని పెత్తనం మా చెల్లెళ్లకు ఎందుకు?

చాకలి ఐలమ్మ పేరెత్తి నన్ను ఇరుకున పెట్టాలని చూస్తారు కొందరు. ఆమె ఊరు పాలకుర్తి అప్పట్లో మా జిల్లాదే. కౌలు భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన మనిషి ఆమె. ఏటా ఆమె విగ్రహానికి దండ వేస్తాను. ఆమె పోరాడింది దొరతో, అన్నదమ్ములతో కాదు. ఆ తేడా గమనించాలి.

ఇక అసలు సంగతి. నిరుడు చెల్లెళ్లు తమ వాటా నాకు వదులుకుంటున్నట్టు హక్కు విడుదల పత్రం రాయించి ఇద్దరినీ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పిలిచాను. డాక్యుమెంట్ రైటర్ వేపచెట్టు కింద కూర్చోబెట్టి చదివి వినిపించాడు: ‘ప్రేమాభిమానాలతో, ఎవరి బలవంతమూ లేకుండా...’ పెద్ద చెల్లెలు చదువుకోలేదు. ఈ పొలంలో నాట్లు వేసి, కలుపు తీసి, పత్తి ఏరి నన్ను డిగ్రీ చదివించిన చేయి అది. వేలిముద్ర వేసి, సిరా మరక కట్టుకున్న పాత చీర కొంగుకే తుడుచుకుంది. నేను పెట్టిన కొత్త చీర పాడవకూడదని దాన్ని కవరులోనే ఉంచి అవతలి చంకలో పెట్టుకుంది. సంస్కారమంటే అది.

చిన్నది కవరు తిప్పి ధర చీటీ చూసింది. రెండు వేల ఎనిమిది వందల యాభై. తర్వాత కాగితం తిప్పి, ‘‘అన్నా, ఇందులో మార్కెట్ విలువ అని ఉంది, అది ఎంత?’’ అంది. రైటర్ నా వైపు చూశాడు. నేను వేపచెట్టు వైపు చూశాను. ఆమె పెన్ను మూత పెట్టేసింది.

రాఖీ పండుగకు ఇక రాదనుకున్నాను. వాటా అడిగిన ఆడబిడ్డకు పుట్టింటి రాకపోకలు ఉండవని ఊరంతా ఎరిగిన సంగతే. కానీ వచ్చింది. రాఖీ కట్టి, మిఠాయి తినిపించి, సంచిలోంచి కవరు తీసి నా చేతిలో పెట్టింది. కొత్త చొక్కా. దాని కింద ఒక కాగితం.

‘‘నీ వాటా నా పేరున విడుదల చేస్తున్నట్టు రాయించాను అన్నా. ప్రేమాభిమానాలతో, ఎవరి బలవంతమూ లేకుండా అని కూడా పెట్టించాను.’’

చొక్కా తొడిగి చూసుకున్నాను. కొలత సరిగ్గా సరిపోయింది. కాలరుకు ధర చీటీ అలాగే ఉంది: పద్నాలుగు వందలు. నా భూమికి పద్నాలుగు వందలా అని అడగబోయి, ఎందుకో ఆగిపోయాను.