పన్నుకు ముందు, పూచీకి వెనుక

క్రిప్టో అమ్మి లాభం కళ్లజూస్తే అందులో 30 శాతం కేంద్రానికి కట్టాలి. ఒక నాణెంలో పోయింది మరో నాణెం లాభంలో సర్దుకోవడానికీ వీల్లేదు. పరిమితి దాటిన అమ్మకాలపై 2022 జులై నుంచి 1 శాతం టీడీఎస్ అదనం. వాటా విషయంలో ఇంత పక్కాగా ఉన్న సర్కారు, ముక్కూమొహం తెలియని ఇద్దరు క్రిప్టో ఎక్స్ఛేంజీ వేదికపై నేరుగా కుదుర్చుకునే పీటూపీ (వ్యక్తికి వ్యక్తి) బేరానికి పూచీ ఎవరంటే మాత్రం నోరు మెదపదు. డబ్బు తిన్నవాడు తప్పించుకుంటే, నాణేలు అమ్మినవాడు ఫ్రీజైన ఖాతా కోసం బ్యాంకు చుట్టూ తిరుగుతున్నాడు.

పీటూపీ బేరంలో ఆర్డర్ పడగానే అమ్మకందారుడి యూఎస్‌డీటీని (డాలరు విలువకు ముడిపెట్టిన క్రిప్టో నాణెం) ఎక్స్ఛేంజీ తన ఎస్క్రోలో, అంటే బేరం తేలేదాకా దాచే పెట్టెలో, బిగించేస్తుంది. కొనేవాడు గడువులోగా, చాలాచోట్ల పావుగంటే, యూపీఐలోనో ఐఎంపీఎస్‌లోనో డబ్బు పంపి ‘చెల్లించాను’ అని నొక్కాలి. అమ్మకందారు ‘విడుదల’ నొక్కితే నాణేలు అవతలికి వెళతాయి. నాణేనికి కాపలా బాగానే ఉంది. రూపాయికే లేదు. బ్యాంకు ఖాతాలో ఏం జరిగిందో ఎస్క్రోకు కనబడదు. నకిలీ స్క్రీన్‌షాట్‌నో, బ్యాంకు పేరిట వచ్చిన ఎస్సెమ్మెస్‌నో నమ్మి, యాప్‌లో నిల్వ చూసుకోకుండా నొక్కితే అంతే సంగతులు. ఎస్క్రో దాటిన నాణేన్ని వెనక్కి లాగే మీట అమ్మకందారు చేతిలో లేదు.

నకిలీ సొమ్ము కన్నా నిజంగా వచ్చిపడే సొమ్ముతోనే అసలు ముప్పు. పార్ట్‌టైం ఉద్యోగమని ఎవరికో వలవేసిన మోసగాడు, కొనేవాడిగా ఆర్డర్ పెట్టి, ఆ ‘డిపాజిట్’ను నేరుగా అమ్మకందారు యూపీఐకే వేయిస్తాడు. నాణేలతో వాడు ఉడాయిస్తాడు. బాధితుడు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే మొదట దొరికే ఖాతా అమ్మకందారుదే. ఆర్డర్‌లో ఒక పేరు, డబ్బు పంపిన ఖాతాలో మరో పేరు ఉంటే విడుదల నొక్కకూడదు; ఎక్స్ఛేంజీకి అప్పీలు పెట్టి సొమ్మును వచ్చిన ఖాతాకే తిప్పిపంపాలి. పేర్లు కలిసినా గండం గడిచినట్టు కాదు. దోచిన సొమ్ము రెండు మూడు మ్యూల్ ఖాతాలు (మోసగాళ్లు వాడుకునే ఇతరుల ఖాతాలు) తిరిగి వచ్చి ఉండొచ్చు. వరంగల్‌లో అమ్మినవాడి ఖాతాకు ఏ రాజస్థాన్ ఠాణా నుంచో తాళం పడుతుంది. వివాదం 20 వేలదైనా జీతం, ఈఎంఐ అన్నీ ఆగిపోతాయి. పోలీసులు చెప్పిన మొత్తం వరకే ఆపాలని కేరళ హైకోర్టు 2023లోనే బ్యాంకులకు చెప్పింది. వింటున్నదెవరు?

దొంగసొమ్ము గంటల్లో చేతులు మారుతుంది కాబట్టి ముందు ఆపి తర్వాత విచారించక తప్పదన్నది దర్యాప్తు సంస్థల మాట. ఆపడాన్ని ఎవరూ కాదనడం లేదు. ఆపి నెలల తరబడి మరచిపోవడమే అన్యాయం. బ్యాంకులను క్రిప్టోకు దూరంపెట్టిన రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌ను 2020 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2023 మార్చిలో ఎక్స్ఛేంజీలను మనీలాండరింగ్ చట్టం కిందికి తెచ్చింది కేంద్రమే. కేవైసీ ఉంది. ఆర్డర్ నంబరు, చాట్ ఉన్నాయి. కోసుకున్న టీడీఎస్ ఆదాయపు పన్ను పోర్టల్‌లో అమ్మకందారు పేరుమీదే కనబడుతుంది. పన్ను శాఖ రసీదు రాసుకున్న బేరాన్నే పోలీసు శాఖ నేరంగా చూస్తోంది. ఇంతకన్నా రెండు నాల్కల ధోరణి ఉంటుందా?

పంపినవాడి పేరు సరిపోలితేనే విడుదల మీట తెరుచుకునేలా ఎక్స్ఛేంజీలను కట్టడి చేయాలి. వివాదంలో ఉన్న మొత్తానికే లీన్ (నిలుపుదల) వేయాలి. ఆర్డర్ చిట్టా, టీడీఎస్ వివరం ఇచ్చినవారికి రోజుల లెక్కన గడువు పెట్టి జవాబివ్వాలి. వీటిలో వేటికీ క్రిప్టోను నెత్తికెత్తుకోనక్కర్లేదు. 1 శాతం కోసుకోవడానికి అమ్మకందారు పేరు, పాన్ ఠంచనుగా దొరికాయి. అదే మనిషి ఖాతా తాళం తీయడానికి దొరకడం లేదంటే ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నారు?