ఫోన్ లాక్కుంటే మనసు బాగుపడదు

ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడి చర్చిల్లో ఈ మధ్య ప్రసంగం ఎక్కడ మొదలైనా చివరికి ఫోన్ మీదికే వస్తోంది. పిల్లలు చెడిపోతున్నారు, అర్ధరాత్రి దాకా రీల్స్ చూస్తున్నారు, లాక్కోండి, దాచేయండి. తల్లులు తలూపుతారు, ఇంటికెళ్లి దాచేస్తారు. నాలుగు రోజులకు అది మళ్లీ పిల్లాడి చేతిలోనే ఉంటుంది.

లాక్కుంటే ఒరిగేదేమీ లేదు. మత్తయి 12వ అధ్యాయంలో యేసు చెప్పిన మాటే ఇది. అపవిత్రాత్మ వదిలిపోయిన ఇల్లు ఊడ్చి, అమర్చి ఉంది. కానీ ఖాళీగా ఉంది. అందుకే పోయినది తనకంటే చెడ్డవాటిని మరో ఏడింటిని వెంటబెట్టుకొచ్చింది. మన సంఘాలు ఊడ్చే దగ్గరే ఆగిపోయాయి. లోపల ఏం పెట్టాలంటే మూడు రాత్రుల ఉజ్జీవ సభలంటారు. నాలుగో రాత్రి సంగతి ఎవరికీ పట్టదు.

హృదయాన్ని అన్నిటికంటే ముఖ్యంగా కాపాడుకోమని చెప్పిన సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలున్నాయి. రోజుకొకటి చదివితే నెలలో అయిపోతుంది. కీర్తనలు 150, రోజుకు ఐదు చొప్పున అదీ నెల పనే. బైబిల్లో దానియేలుకు, ప్రార్థన చేస్తే సింహాల గుహ తప్పదని తెలిసిన రోజున కొత్త భక్తి పుట్టలేదు. ఎప్పటిలాగే కిటికీ దగ్గర రోజుకు మూడుసార్లు మోకరించాడు, అంతే. ఆ 'ఎప్పటిలాగే' మన ఇళ్లలో లేదు. కుటుంబ ప్రార్థన ఎవరైనా చుట్టాలొచ్చిన రోజున జరిగే కార్యక్రమం అయిపోయింది.

పెద్దవాళ్లు మాత్రం ఏం తక్కువ తిన్నారు? బూతు వీడియోలంటే మండిపడే పెద్దలే పొద్దున్నే వాట్సాప్‌లో 'రాబోయే నెలలో ఘోరం, పదిమందికి పంపండి' అనే ప్రవచనాలు పంచుతుంటారు. రోజంతా టెన్షన్, రాత్రి నిద్ర పట్టదు. యేసు పేరు ఉన్నంత మాత్రాన అది మనసుకు మంచి మేత కాదు. సత్యమైనవాటి మీద, పవిత్రమైనవాటి మీద ధ్యానం ఉంచమని పౌలు ఫిలిప్పీయులకు రాశాడు. భయాన్ని ఫార్వర్డ్ చేయమనలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. చదువుదామన్నా మన పిల్లలకు తెలుగు చదవడం రాదు. సండే స్కూల్లో ఒక అమ్మాయి కంఠత వాక్యం అప్పజెబుతుంటే చేతిలో చీటీ చూశాను. మాటలు తెలుగువి, అక్షరాలు ఒడియావి. గడగడా చెప్పేసింది. అర్థం అడిగితే పక్కపిల్ల వైపు చూసింది. ఇంట్లో నాయనమ్మ తెలుగు బైబిలు తెరుస్తుంది, మనవరాలికి అందులో ఒక్క ముక్క కూడబలుక్కోవడం రాదు. ఇక ఇద్దరూ కలిసి ఏం చదువుతారు?

దేవుడికి భాషాభేదం లేదు కదా, ఒడియా బైబిలు చదివితే సరిపోదా అంటారు కొందరు. ఆడియో బైబిలు ఉందిగా అని ఇంకొందరు. నిజమే, పిల్ల ఒంటరిగా చదువుకోవడానికి ఒడియా చాలు. కానీ పిల్ల ఒడియాలో, నాయనమ్మ తెలుగులో, తండ్రి ఇయర్‌ఫోన్లలో ఎవరికి వారు కూర్చుంటే దాన్ని కుటుంబ ప్రార్థన అనలేం. పిల్లల మనసుకు కాపలా కాసేది ఆ కలిసి కూర్చోవడమే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. మహేంద్రతనయ నదికి అవతల, ఆంధ్రలోని పాతపట్నంలో బడిలో తెలుగు నేర్పుతారు, ఇవతల మన అక్షరాలను మనమే కాపాడుకోవాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన గజపతి జిల్లాలో మూడోవంతుకు పైగా క్రైస్తవులే, వాళ్లలో ఎక్కువమంది సవర గిరిజనులు. ఆ సవరలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి సొంత డబ్బు ఖర్చుపెట్టి బడులు నడిపింది ఈ ప్రాంతంలోనే. ఆయన పేరు చెప్పుకుని ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న దండలు వేసే మనం, సొంత పిల్లలకు అ ఆలు నేర్పడానికి సర్కారు వైపు చూస్తున్నాం.

వేసవిలో ప్రతి సంఘమూ వీబీఎస్ (పిల్లలకు సెలవుల్లో నడిపే బైబిలు బడి) పెడుతుంది. డాన్సులు, బహుమతులు, బిస్కెట్ పొట్లాలు అన్నీ ఉంటాయి. ఈసారి డాన్సు టైములో సగం తగ్గించి, పిల్లల చేతికి పలకలివ్వండి. వీబీఎస్ అయిపోయాక కూడా ఆదివారానికి అరగంట తెలుగు నేర్పండి. దానికి పాస్టరు గారే అక్కర్లేదు, చదువుకున్న ఏ నాయనమ్మ అయినా చాలు.